క్లోమం ఆపరేషన్ అయిన మనిషి దగ్గరికి కొర్రల మూట తీసుకుపోవద్దు



మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క మన రైతుల్లో ఒక మంచి అలవాటు ఉంది. ఊర్లో ఎవరికన్నా పెద్ద జబ్బు చేస్తే చూడ్డానికి ఒట్టి చేతులతో పోరు. ఒకరు కొర్రలు, ఇంకొకరు గానుగ నూనె, ఇంకొకరు తోటలో కోసిన మునగాకు సంచిలో వేసుకుని పోతారు. పోయినాక మంచం పక్కన కూర్చుని నాలుగు మాటలు కూడా చెబుతారు. తెల్లన్నం మానేయండి, పాలు మానేయండి, నూనె ముట్టొద్దు, పొద్దున్నే ఈ కషాయం తాగండి అని. ప్రేమతోనే చెబుతారు. షుగరు, బీపీ ఉన్న మామూలు మనిషికైతే అందులో కొన్ని మాటలు పనికొస్తాయి కూడా.

కానీ పాంక్రియాస్ అంటే క్లోమ గ్రంథికి క్యాన్సర్ వచ్చి, పెద్ద ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషి దగ్గర ఇవే మాటలు చెడు చేస్తాయి. ఆ మనిషి తిండి లెక్క వేరు. మనం రోజూ మంచిదని చెప్పే తిండి ఆయనకు కొన్ని నెలలు బరువవుతుంది. మనం వద్దనే తిండే ఆయన్ను నిలబెడుతుంది. వీడియోలో టైము చాలక పైపైన చెప్పిన ఈ సంగతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వేలూరు సీఎంసీలోనో, తిరుపతి స్విమ్స్‌లోనో, బెంగళూరులోనో ఆపరేషన్ చేయించుకుని మన ఊళ్లకు తిరిగొచ్చే వాళ్ల ఇళ్లలో ఇది తెలిసి ఉండాలి. వాళ్లను చూడ్డానికి పోయే మనకు ఇంకా బాగా తెలిసి ఉండాలి.

లోపల ఏం తీసేస్తారు

క్లోమం కడుపు వెనకాల అడ్డంగా పడుకుని ఉండే గ్రంథి. దానికి రెండు పనులు. ఒకటి ఇన్సులిన్ తయారు చేసి రక్తంలో షుగరును అదుపులో పెట్టడం. రెండోది, మనం తిన్న కొవ్వును, ప్రోటీన్‌ను, పిండిని కరిగించే ఎంజైములను పేగులోకి వదలడం. ఈ రెండో పని మనలో చాలామందికి తెలియదు.

గ్రంథి తల భాగంలో గడ్డ వచ్చి, అది తీయడానికి వీలైనదైతే విపుల్ ఆపరేషన్ చేస్తారు. 1909లో జర్మనీలో కౌష్ అనే సర్జన్ ఇలాంటిది మొదట చేశాడు. 1935లో అమెరికాలో అలెన్ విపుల్ దాన్ని ఒక పద్ధతిగా చెప్పాడు కాబట్టి ఆయన పేరు నిలిచింది. ఇందులో క్లోమం తల భాగం, దాన్ని చుట్టుకుని ఉండే చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేస్తారు. కొందరికి కడుపు కింది భాగం కూడా తీస్తారు. మిగిలిన వాటిని మళ్లీ పేగుకు కలిపి కుడతారు.

క్లోమ క్యాన్సర్ వచ్చిన నూరు మందిలో సుమారు 15–20 మందికి మాత్రమే ఈ ఆపరేషన్‌కు వీలుంటుంది. మిగతా వాళ్లకు కనుక్కునే సరికే ఆలస్యమైపోయి ఉంటుంది. కాబట్టి ఆపరేషన్ జరిగిందంటే ఆ ఇంటికి ఒక అవకాశం దొరికినట్టే. ఆ అవకాశం నిలవాలంటే ఆపరేషన్ తర్వాత కీమో కూడా పూర్తి కావాలి. 2018లో ఫ్రాన్స్, కెనడా ఆస్పత్రుల పరిశోధన ఒకటి వెలువడింది. ఆపరేషన్ తర్వాత నాలుగు మందులు కలిపి 24 వారాలు కీమో తీసుకున్న వాళ్లలో సగం మంది 54 నెలలకు పైగా బతికారు. ఒకే మందు తీసుకున్న వాళ్లలో ఆ లెక్క 35 నెలలు. ఆ గట్టి కీమోను తట్టుకోవాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. బరువు పడిపోయి, మంచం దిగలేని మనిషికి డాక్టర్లు కీమో వాయిదా వేస్తారు, మందు తగ్గిస్తారు, లేకుంటే ఆపేస్తారు.

తిండి సంగతి ఇంత గట్టిగా చెబుతున్నది ఇందుకే. ఆపరేషన్ అయినప్పటి నుంచి కీమో అయిపోయే దాకా ఆ మనిషి బరువు నిలబెట్టుకోవాలి. ఇంట్లో చేయగలిగిన పెద్ద వైద్యం అదే.

జీవామృతం తెలిసినోళ్లకు ఎంజైమ్ మాత్ర సులభంగా అర్థమవుతుంది

భూమిలో పోషకాలు ఉన్నా వేరుకు అందే రూపంలో ఉండవు, వాటిని వండిపెట్టేది సూక్ష్మజీవులు అని పాలేకర్ గారి శిక్షణల్లో మనం ఎన్నోసార్లు విన్నాం. ఎకరాకు పది బండ్ల ఎరువు తోలినా, దాన్ని కరిగించే జీవం లేకుంటే పైరు పచ్చబడదు. అందుకే జీవామృతం పోస్తాం.

ఆపరేషన్ అయిన మనిషి పేగులో సరిగ్గా ఇదే జరుగుతుంది. నెయ్యి వేసి పెట్టినా, గుడ్డు పెట్టినా, కరిగించే ఎంజైములు చాలవు కాబట్టి తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. దీనికి గుర్తులు ఇంట్లోనే తెలుస్తాయి. విరేచనం లేత రంగులో, జిడ్డుగా ఉంటుంది. నీళ్లలో తేలుతుంది, ఎంత నీళ్లు పోసినా అంటుకుని పోదు. వాసన భరించలేనట్టు ఉంటుంది. కడుపు ఉబ్బరం, గ్యాసు, తిన్న వెంటనే మెలిపెట్టే నొప్పి వస్తాయి. బాగా తింటున్నా బరువు తగ్గుతా ఉంటుంది. ఇంట్లో వాళ్లు దీన్ని చూసి "నూనె పడలేదు, పాలు పడలేదు" అని ఒక్కొక్కటే మానిపిస్తారు. చివరికి ఆ మనిషి గంజి నీళ్లతో బతుకుతాడు.

చేయాల్సింది తిండి తగ్గించడం కాదు, ఎంజైములు బయట నుంచి ఇవ్వడం. డాక్టర్లు రాసే పాంక్రియాటిన్ మాత్రలు అవే. వాటి వాడకంలో మన ఇళ్లలో జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి.

ఒకటి, భోజనం అయినాక వేసుకోవడం. మాత్ర తిండితో కలవాలి. మొదటి ముద్దతో వేసుకోవాలి. రెండు మూడు మాత్రలుంటే కొన్ని మొదట్లో, మిగిలినవి భోజనం మధ్యలో వేసుకోవాలి.

రెండు, పూటకు ఒకటి చాల్లే అనుకోవడం. మన మందుల షాపుల్లో ఇవి 10,000 యూనిట్లు, 25,000 యూనిట్లుగా దొరుకుతాయి. యూరప్ వైద్యుల మార్గదర్శకాల ప్రకారం పెద్ద భోజనానికి కనీసం 40,000–50,000 యూనిట్లతో మొదలుపెడతారు, చిరుతిండికి అందులో సగం. ఖరీదని మీరే తగ్గించుకోవద్దు. మీకు రాసిన మోతాదు ఎంతో, అది చాలుతోందో లేదో డాక్టరునే అడగండి. పైన చెప్పిన గుర్తులు పోలేదంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.

మూడు, పాలు కలిపిన కాఫీ, టీ, గ్లాసు మజ్జిగ తాగేటప్పుడు మాత్ర మరిచిపోవడం. వాటిలోనూ కొవ్వు, ప్రోటీన్ ఉంటాయి. మంచినీళ్లకు, పాలు లేని టీకి అక్కర్లేదు.

నాలుగు, మాత్ర నమలడం, పొడి చేయడం. మింగలేకపోతే ఎలా ఇవ్వాలో ఆస్పత్రిలో అడగాలి. వేడివేడి కాఫీతో వేయకూడదు. ఎండలో బండి డిక్కీలో, పొయ్యి పక్కన గూట్లో పెడితే మందు చెడుతుంది. మన జీవామృతాన్ని నీడలో పెట్టుకున్నంత జాగ్రత్త దీనికీ కావాలి.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఈ మాత్రలు ఎక్కువగా పంది క్లోమం నుంచి చేస్తారు. ముస్లిం కుటుంబాలకు, శాకాహారులకు ఇది ముందే తెలియాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు మందుగా వాడొచ్చని చాలామంది మతపెద్దలు చెబుతారు. సందేహముంటే డాక్టరుతో, మీ పెద్దలతో మాట్లాడి నిర్ణయించుకోండి. తెలియకుండా నాలుగు రోజులు వాడి, తెలిసినాక చెప్పకుండా మానేయడం అన్నిటికన్నా నష్టం.

కొర్రలతో తప్పేముంది?

కొర్రల్లో తప్పేం లేదు. ప్రోటీన్ బియ్యం కంటే ఎక్కువ. కానీ పీచు కూడా ఎక్కువ. మామూలు మనిషికి ఆ పీచే మేలు, ఆకలి తొందరగా తీరుతుంది, షుగరు నెమ్మదిగా ఎక్కుతుంది. ఆపరేషన్ అయిన మనిషికి అదే అడ్డం. కడుపు చిన్నదైంది, ఖాళీ కావడం నిదానించింది. నాలుగు ముద్దలకే నిండిపోతుంది. ఆ నాలుగు ముద్దలు పీచుతో నిండితే బలానికి చోటుండదు. అరికెలు, సామలు, పచ్చి కూరగాయల ముక్కలు, మొలకలు, పెద్ద గ్లాసు ఆకుల జ్యూసు అన్నిటిదీ ఇదే కథ. గ్లాసు జ్యూసు తాగితే పొట్ట నిండుతుంది, బలం మాత్రం కొంచెమే.

మొదటి కొన్ని వారాలు మెత్తని తెల్లన్నం, పెసరపప్పు, ఇడ్లీ, పెరుగన్నం, మెత్తగా వండిన గుడ్డు, చేప, చికెన్ లాంటివే మంచివి. పాలిష్ బియ్యం గురించి మనం ఎన్ని మాట్లాడినా, ఆ మనిషికి ఆ వారాల్లో అదే సుఖం. రాగిని పూర్తిగా దూరం పెట్టాల్సిన పని లేదు. మొలకెత్తించి పొడి చేసి, వడగట్టి, పాలతో కాచిన రాగి మాల్ట్ చాలామందికి పడుతుంది. గట్టి సంగటి ముద్ద కొంచెం ఆగాలి. కడుపు కుదుటపడి, బరువు నిలబడినాక కొర్రలూ సంగటీ మెల్లగా తిరిగి రావొచ్చు.

ఎంత తినాలి? క్యాన్సర్ రోగుల పోషణపై యూరప్ నిపుణుల సంఘం చెప్పే లెక్క, రోజుకు కిలో బరువుకు 25–30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. 50 కిలోల మనిషికి 1250–1500 కేలరీలు, 50–75 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. దాన్ని మన వంటింటి లెక్కలో పెడితే ఇలా ఉంటుంది.

గుడ్లు 3: సుమారు 18 గ్రాముల ప్రోటీన్.
పాలు, పెరుగు కలిపి అర లీటరు: 16 గ్రాములు.
పప్పు 60 గ్రాములు, రెండు పూటలకు: 14 గ్రాములు.
బియ్యం 150 గ్రాములు: 10 గ్రాములు.
వేయించి మెత్తగా రుబ్బిన చెనిక్కాయల చట్నీలో 20 గ్రాముల గింజలు: 5 గ్రాములు.

మొత్తం 63 గ్రాములు. వీటికి 20 గ్రాముల నెయ్యో నూనెనో కలిస్తే కేలరీలు కూడా 1500 దాటతాయి. విదేశీ పొడి డబ్బాలు కొనకుండా, మన ఊరి సరుకుతోనే లెక్క తేలుతుంది. గుడ్డు తినని వాళ్లు పనీర్, పెరుగు, పప్పు, చెనిక్కాయలతో ఆ లోటు పూడ్చుకోవాలి. అయినా తినలేకపోతే ఆస్పత్రి డైటీషియన్ రాసే ప్రోటీన్ పొడిని ప్యాకెట్ తిండి అని పక్కన పెట్టొద్దు.

దీన్ని మూడు పూటల్లో పెట్టాలని చూస్తే వాంతి అవుతుంది. ఆరేడు సార్లు, రెండు మూడు గంటలకొకసారి, చిన్న గిన్నెలో పెట్టాలి. తినేటప్పుడు నీళ్లు తక్కువ, మధ్యలో ఎక్కువ. తిన్నాక కాసేపు కూర్చోవాలి, నాలుగడుగులు నడవాలి. ప్రతివారం ఒకే రోజు, ఒకే కాటాపై బరువు చూసి నోటు పుస్తకంలో రాయాలి. పాల దిగుబడి రాసుకునే మనకు ఇది కొత్త పని కాదు.

కొందరిని ఆస్పత్రి నుంచి పేగులోకి సన్నని ఆహారపు గొట్టంతో ఇంటికి పంపుతారు. అందులోకి డైటీషియన్ చెప్పింది తప్ప కషాయం, జావ, జ్యూసు ఏదీ పోయకూడదు. గొట్టం మూసుకుపోతే మళ్లీ ఆస్పత్రికి పరుగే.

నాటుకోడి గుడ్డే కావాలి, పుంగనూరు ఆవు పాలే కావాలి అని కూడా పట్టుబట్టొద్దు. పుంగనూరు పొట్టి ఆవు మన గర్వం, దాన్ని కాపాడుకోవాలి. కానీ దాని పాల కోసం అప్పు చేసే బదులు పక్కింటి ఆవు పాలు అర లీటరు రోజూ తాగడం మేలు. ప్రోటీన్ లెక్కలో ఫారం గుడ్డుకూ నాటు గుడ్డుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

షుగరు వచ్చిందని అన్నం మానిపించొద్దు

క్లోమంలో కొంత పోయింది కాబట్టి కొందరికి కొత్తగా షుగరు వస్తుంది, ఉన్నవాళ్లకు పెరుగుతుంది. వెంటనే మన సలహా, అన్నం మానెయ్, కాకరకాయ రసం తాగు. ఇది మామూలు షుగరు కాదు. ఇన్సులిన్ తయారు చేసే చోటే తగ్గిపోయింది. దాంతోపాటు షుగరు పడిపోయినప్పుడు పైకి లేపే హార్మోను కూడా తగ్గుతుంది. అందుకే వీళ్లకు షుగరు ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా పడిపోతుంది కూడా. తిండి తగ్గించి, పైన కాకర రసం, మెంతుల నీళ్లు పోస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. తిండి తగ్గించకుండా, తిండికి తగ్గట్టు ఇన్సులిన్‌నో మాత్రనో డాక్టరుతో సరిచేయించుకోవాలి.

రక్తహీనత సంగతీ అంతే. ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టే పేగు భాగమే ఆపరేషన్‌లో పోయింది. మునగాకు ఎంత తిన్నా పట్టే చోటు తగ్గిపోయింది. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు, బి12 కూడా తగ్గుతాయి. రక్తపరీక్ష చేయించి, రాసిన మాత్రలో ఇంజెక్షనో వాడాలి.

కషాయాలు, పచ్చి ఆకు, జీవామృతం

కీమో నడిచేటప్పుడు కాలేయం మీద చాలా బరువు ఉంటుంది. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులను వైద్య పత్రికలో ప్రచురించారు. చెట్టు నుంచి వచ్చిందంటే హాని చేయదని అర్థం కాదు. మనమే వేప, ఉమ్మెత్త, జిల్లేడు కలిపి దశపర్ణి కషాయం కాచి పురుగుల మీద కొడతాం. ఆకుకు ఎంత శక్తి ఉందో మనకన్నా ఎవరికి తెలుసు? ఆ శక్తి ఆ మనిషి ఒంట్లో కీమో మందుతో కలిసి ఏం చేస్తుందో మంచం పక్కన కూర్చున్న మనకు తెలియదు. డాక్టరుకు చెప్పకుండా ఏ కషాయమూ వద్దు.

ఇంకొకటి మన పొలాల గురించే. మనం పేడ, మూత్రంతో చేసిన జీవామృతాన్ని ఆకుకూరల మీద కూడా కొడతాం. పైరుకు మంచిదే. కానీ కీమోలో తెల్లరక్తకణాలు పడిపోయిన మనిషికి పేడలో ఉండే సూక్ష్మజీవులే ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టొచ్చు. కాబట్టి మన తోట ఆకైనా బాగా కడిగి, ఉడికించే పెట్టాలి. పచ్చి కొత్తిమీర చల్లడం, పచ్చి మొలకలు, పిండిన పాలు కాచకుండా ఇవ్వడం, సగం ఉడికిన గుడ్డు, గోమూత్రం తాగించడం, ఇవన్నీ ఆ నెలల్లో వద్దు. చెనిక్కాయల్లో బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరి పారేయాలి. బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం. అది ప్రకృతి సేద్యంలో పండిన కాయకూ పడుతుంది.

తిండితోనే నయమవుతుందా?

మన గ్రూపుల్లో తిరిగే పెద్ద మాట ఇది. ఆపరేషన్ వద్దు, కీమో వద్దు, సేంద్రియ తిండితో క్యాన్సర్ పోతుంది అని. క్లోమ క్యాన్సర్ విషయంలో దీన్ని నిజంగానే పరీక్షించి చూశారు. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థల డబ్బుతో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో, ఆపరేషన్‌కు వీలుకాని 55 మంది రోగులను వాళ్లకు నచ్చిన వైద్యం ఎంచుకోమన్నారు. 32 మంది సేంద్రియ తిండి, ఎంజైములు, ఒంటి శుద్ధి పద్ధతులు ఉన్న గొంజాలెజ్ వైద్యం ఎంచుకున్నారు. 23 మంది కీమో ఎంచుకున్నారు. 2009లో ఫలితం వెలువడింది. కీమో వాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం 14 నెలలు, తిండి వైద్యం వాళ్లది 4.3 నెలలు. చీట్లు వేసి పంచిన పరీక్ష కాదు కాబట్టి రెండు గుంపుల మధ్య వేరే తేడాలూ ఉండొచ్చు. అయినా సేంద్రియ తిండి కీమోకు బదులు అవుతుందనే ఆశకు ఇందులో చోటు లేదు.

ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ కథ కూడా అందరికీ తెలిసిందే. 2003లో ఆయన క్లోమంలో గడ్డ కనబడింది. నెమ్మదిగా పెరిగే అరుదైన రకం. జ్యూసులు, శాకాహార నియమాలు, మూలికలతో సుమారు తొమ్మిది నెలలు ఆపరేషన్ వాయిదా వేశాడు. 2004లో చేయించుకున్నాడు. తర్వాత కూడా మాంసకృత్తులు, పాల పదార్థాలు ఎక్కువగా, కొంచెం కొంచెంగా తినమన్న సలహా పాటించలేదని ఆయన జీవితచరిత్ర రాసిన ఐజాక్సన్ రాశాడు. 2011లో చనిపోయాడు. ముందే చేయించుకుని ఉంటే బతికేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు. కానీ ప్రపంచంలో ఏ వైద్యమైనా కొనగలిగిన మనిషి కూడా తిండి మీద మనలాగే నమ్మకం పెట్టుకున్నాడని గుర్తుంచుకోవాలి.

ఇంకో మాట కూడా మానాలి. "మందులు కొట్టిన తిండి తిన్నావు కాబట్టే వచ్చింది" అని రోగి ముందు అనడం. క్లోమ క్యాన్సర్‌కు పొగాకు, చాలాకాలంగా ఉన్న క్లోమం వాపు, వంశంలో వచ్చే జన్యులోపాలు లాంటి కారణాలు తెలుసు. చాలామందిలో ఫలానా కారణమని చెప్పలేం. రసాయనాలు లేని సేద్యం చేయడానికి మనకు ఎన్నో మంచి కారణాలున్నాయి. మంచం మీద ఉన్న మనిషిని నిందించి దాన్ని నిరూపించక్కర్లేదు.

ఆరోగ్యవరం చెప్పే పాఠం

తిండికి, మందుకు ఉన్న సంబంధం మన మదనపల్లెకు కొత్త కాదు. పక్కనే ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం మొదలైంది. డేనిష్ డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించాడు. అప్పటికి క్షయకు మందు లేదు. మదనపల్లె చల్లగాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇదే వైద్యం. కొందరు కోలుకున్నారు, చాలామంది కోలుకోలేదు.

తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం, ఒకే మందులు ఇచ్చి, కొందరిని శానటోరియంలో మంచి తిండితో, కొందరిని ఇరుకు ఇళ్లలో అరకొర తిండితో ఉంచి చూసింది. 1959లో ఫలితం ప్రచురించారు. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. నయం చేసింది మందు.

మరి తిండికి విలువ లేదా? 2023లో జార్ఖండ్ నుంచి ఇంకో పరిశోధన వచ్చింది. క్షయ రోగులకు మందుతో పాటు తిండి సరుకులు ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన వాళ్లలో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువగా కనబడింది. రోగి ఇంట్లో వాళ్లకు కూడా సరుకులిస్తే వాళ్లకు క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గింది.

రెండూ కలిపి చూస్తే సంగతి తేటగా ఉంది. జబ్బును కొట్టేది మందు. మందును తట్టుకునే ఒంటిని నిలబెట్టేది తిండి. క్షయ వేరు, క్యాన్సర్ వేరు. కానీ మన సరుకు ఏ పని చేయగలదో, ఏది చేయలేదో ఈ కథలో స్పష్టంగా ఉంది.

మనం చేయగలిగింది

ప్రకృతి వ్యవసాయం మన పక్క పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ల మీద నడుస్తోంది. ఏ ఇంట్లో ఎవరు ఆపరేషన్ చేయించుకుని వచ్చారో వాళ్లకు అందరికన్నా ముందు తెలుస్తుంది. నేను అడిగేది ఇది.

అలాంటి ఇంటికి పోయేటప్పుడు ముందు "డైటీషియన్ ఏం రాసిచ్చారు?" అని అడుగుదాం. ఆ చీటీలో ఉన్నవే తీసుకుపోదాం. వారానికి 21 గుడ్లు, మూడున్నర లీటర్ల పాలు, అర కిలో పప్పు, కొంచెం నెయ్యి. పది ఇళ్లు పంచుకుంటే ఎవరికీ భారం కాదు. కీమో ఆరు నెలలు నడుస్తుందనుకుంటే, మొదటి వారం ఉత్సాహం కాకుండా ఆరు నెలలూ నిలిచే ఏర్పాటు కావాలి. చీటీ లేదంటే, తర్వాతి సారి ఆస్పత్రికి పోయినప్పుడు డైటీషియన్‌ను తప్పకుండా కలవమని చెబుదాం. ఎంజైమ్ మాత్రల ఖర్చు భరించలేకపోతే ఆస్పత్రిలోని సామాజిక కార్యకర్తను అడగమందాం.

పొలం పని ఉన్నవాళ్ల ఇళ్లలో రెండు గంటలకొకసారి వండిపెట్టే మనిషి ఉండడు. భార్య భర్తను చూసుకోవాలి, ఆవును చూసుకోవాలి, టమోటా కోతకు పోవాలి. ఒక పూట వాళ్ల ఆవు పాలు పిండి, ఒక రోజు వాళ్ల కోత మనం కోసి మదనపల్లె మార్కెట్టుకు తోలితే, అది పది కిలోల కొర్రల కన్నా పెద్ద సాయం.

జ్వరం, చలి, కళ్లు పచ్చబడడం, నల్లటి విరేచనం, ఆగని వాంతులు, పెరుగుతున్న కడుపు నొప్పి, కుట్ల దగ్గర చీము కనిపిస్తే రేపు చూద్దాం అనకుండా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి ఫోన్ చేయించాలి. మాత్రల మోతాదైనా తిండి మార్పైనా వాళ్ల డాక్టరు మాటే చివరి మాట. ఇక్కడ రాసింది ఆ మాట వినడానికి సిద్ధం కావడం కోసమే.

మన పంట మీద మనకు నమ్మకం ఉండాలి. కొత్తగా నాటిన నారుకు మొదటి వారం ఏం పెట్టాలో, కాపుకొచ్చిన చెట్టుకు ఏం పెట్టాలో వేరని మనకు తెలుసు. మనిషి విషయంలోనూ ఆ తెలివినే వాడుదాం. కొర్రల మూట ఇంట్లోనే ఉండనీ. ఆ మనిషి కోలుకుని, కీమో ముగించి, ఆకలేస్తోందని తనే అడిగిన రోజు తీసుకుపోదాం.